అరవై వేల కాగితం

గడియారం సెంటర్ల ఎండ నిలువున పడ్డది.
ఏసీ గదిల కుర్చీ చూపెట్టి
టై కట్టుకున్న పిల్లగాడు కాగితం ముందల వెట్టిండు.
అరవై వేల కిలోమీటర్లకు
ఇరవై రెండు వరుసలు.
అడుగున మొత్తం: పద్నాలుగు వేల ఆరు వందల నలభై.

"అన్నీ కంపల్సరీ మేడం" అన్నడు
పెన్ను మూత తీసుకుంట.

ఆ మాట నాకు కొత్త గాదు.
పద్దెనిమిదేండ్ల సంది పశువుల దవాఖాన్ల
కంపెనీలోళ్లు తెచ్చే రంగుసీసాలు చూస్తున్న.
ఇది పాలకు, ఇది ఎదకు, ఇది ఒంటి మెరుపుకు.
బర్రెకు మెరుపెందుకయ్యా అంటే
ఒక్కడు గూడ జవాబు చెప్పలే.

పెన్ను నేనే అడిగి తీస్కున్న.

ఇంజను లోపల కడుగుడు, కొట్టేసిన.
ఏసీకి సువాసన పొగ:
పేడ చెప్పులతోటి ఎక్కి దిగే బండి, దానికి అత్తరెందుకు,
కొట్టేసిన.
పెయింటు మీద మెరుపు పూత:
మర్రిగూడ తొవ్వ దుమ్ము
వారం తిరక్కముందే తన పూత తాను పూస్తది.
గీత రెండుసార్లు గీసిన.
ఇంజన్ ఆయిల్ కాడ పెన్ను ఆగనే లేదు,
అన్నం ఎందుకని ఎవలన్న అడుగుతరా.

గాలి ఫిల్టరు తీసి చూపెట్టమన్న.
మొఖం మాడ్చుకోని తెచ్చిండు.
కిటికీ ఎండకు ఎత్తిపట్టిన, సందు కనవడలే.
మునుగోడు చెల్కలన్నీ అండ్లనే ఉన్నయి.
సరే, రాయి.

కూలెంటు.
నీళ్లు పోసుకుంటం తియ్ అనబోయిన,
మాట నాలిక మీదనే ఆగింది.
ఏ నీళ్లు? మా బోరు నీళ్లా?
షెడ్డుల రేడియేటర్ విప్పినప్పుడల్లా జానీమియా
వంగని మోకాళ్లను చేత్తోటి పక్కకు జరుపుకోని
లోపలి తెల్లపెచ్చు గీకి
నా అరచేతుల వోసేటోడు.
"గీ నీళ్లు మనిషి బొక్కల్నే ఇడ్సిపెట్టలే బిడ్డా,
రేకు నిడ్సిపెడ్తయా?"
ఆ వరుస కింద గీత గట్టిగ గీసిన, ఉంచమని.

ఇగ బ్రేకు ఆయిలు.
రెండేండ్లకోపారి మార్చాల్నంట.
కారుతలేదు, తగ్గలేదు,
తొక్కితే బండి మంచిగనే ఆగుతుంది.
పన్నెండు వందలు.
పెన్ను మొన వరుస మీద పెట్టిన.

అప్పుడు సైదమ్మ యాదికొచ్చింది.
రోహిణి ఎండల గొంతువాపు సూదులకు
ఊరూరు తిరిగిన ఏడు
గేటు తియ్యకుండనే అన్నది
"మంచిగ మేస్తుంది, మంచిగ నెమరేస్తుంది,
సూదెందుకమ్మా, పాలు తగ్గుతయి."
నేను గట్టిగ చెప్పలే.
తలకాయ పగిలే ఎండ, ఇంక రెండూర్లున్నయి.
రిజిస్టర్ల 'యజమాని నిరాకరణ' అని రాస్కోని
బండెక్కిన.

తొలకరి పడ్డ నాలుగో దినం ఫోను.
నేను పోయేసరికి
కొట్టంల నెమరు సప్పుడు లేదు,
గొంతు కింద చెంబంత వాపు.
సైదమ్మ నన్నొక్క మాట అనలే.
"మంచిగనే ఉండెనమ్మా" అన్నది.
తలుగు విప్పుకుంట మళ్ల అన్నది.
మూడోసారి నాతోని గాదు, గోడతోని అన్నది.

పెన్ను ఎత్తిన.
"గిదెట్ల మేడం, అందరు ముందుగాల్ల
దీన్నే కొట్టేస్తరు" అన్నడు పిల్లగాడు.
కొత్త మొత్తం లెక్కగట్టిండు:
ఐదు వేల తొమ్మిది వందలు.
సంతకం జాగల 'యజమాని అంగీకారం' అని
చిన్నక్షరాలల్ల అచ్చుంది.
సంతకానికి ముందు జరసేపు దాన్నే చూసిన.

బండి ఎప్పుడిస్తవో చెప్పు కొడుకా,
ఐసు డబ్బల సూదిమందు ఉంది.
సైదమ్మ ఈ ఏడు కొత్త బర్రెను కొన్నదంట.
పొద్దుగూకక ముందు
ఆ గేటు కాడికి పోవాలె.