మూడో టిక్కు

బిట్రగుంట రైలు గేటు పడ్డప్పుడు చూశాను.
స్పీడు ముల్లు కింద
పసుపుకొమ్ము రంగులో వెలిగిన ఇంజను బొమ్మ.
చప్పుడు లేదు, పొగ లేదు.
గూడ్సు పెట్టెలు యాభై ఎనిమిదీ లెక్కపెట్టాను.
అది ఆరలేదు.

ఐదేళ్ల చీటీ పాడి కొన్న సెకండ్‌హ్యాండు కారు.
వెనక సీట్లో థర్మోకోల్ పెట్టెలు,
పెట్టెల్లో ఐసు, ఐసులో సీసాలు,
సీసాల్లో ఎవరెవరివో చెరువులు.
అల్లూరు ల్యాబులో నా పనే అది:
తోక ఎర్రబడ్డ రొయ్యను అద్దం కింద పెట్టి
దానికేమైందో రైతుకు చెప్పడం.
నా బండికేమైందో మాత్రం
ఊరంతా నాకు చెప్పింది.

ఇంజను బోరుకొచ్చిందన్నాడు మా బావ,
బానెట్టు ఎత్తకుండానే.
ధర పలికేటప్పుడే వదిలించుకోమన్నాడు
మేత కొట్టు మాల్యాద్రి.
నెల్లూరు షోరూములో చల్లటి గదిలో కూచోబెట్టి
కాఫీ ఇచ్చారు,
పద్దెనిమిది వేలకు కాగితం ఇచ్చారు.
కాఫీ బాగుంది.
ఆ రాత్రి మా ఆయన చీటీ సంగతి
ఎత్తీ ఎత్తకుండా ఎత్తాడు.

కావలి, ఉదయగిరి రోడ్డు, కాలేషా షెడ్డు.
షెడ్డంటే నాలుగు రేకులు,
మిగతాది తుమ్మచెట్టు నీడ.
బానెట్టు వైపే పోలేదతను.
"చివరగా ఏం చేశావమ్మా బండికి?"
ఏమీ చెయ్యలేదన్నాను.
"ఏమీ చెయ్యకుండా లైటు రాదు. నిదానంగా చెప్పు."

నిదానిస్తే గుర్తొచ్చింది.
ఆదివారం, హైవే మీద బంకు,
వెనక లారీవాడి హారను,
కుర్రాడు మూత తిప్పీ తిప్పక వదిలేసి
చిల్లర సంచీ వైపు పరిగెత్తడం.

కాలేషా ముందు ముక్కుతో చూశాడు.
పెట్రోలు మూత దగ్గర వంగి
కళ్లు మూసుకుని
అత్తరు చూసినట్టు.
"ఆవిరి పోతా ఉండాదమ్మా.
టాంకీ ఊపిరి బిగబట్టలేకపోతే
లోపల కంప్యూటరు గోల పెడతాది.
ఇంజనుకు రోగం లేదు. మూతికే."

రబ్బరు రింగు గోటితో లాగి
ఎండకు ఎత్తి పట్టాడు.
వెంట్రుకంత చీలిక.
చీలికలో తెల్లగా
దుమ్మూ, చెరువు గట్ల ఉప్పూ.
నేను రోజూ తోలే దారే
అక్కడ కూచుని ఉంది.

కొత్త మూత మూడు వందల ఇరవై.
కూలి ఎంతంటే టీ చెప్పమన్నాడు.
మూత మాత్రం నా చేతికే ఇచ్చాడు.
"నువ్వే తిప్పు.
ఒకటంటే వచ్చింది, రెండంటే కూచుంది.
మూడంటేనే మూసింది.
ఎవుడు హారను కొట్టినా మూడు దాకా ఆపొద్దు."
టిక్. టిక్.
మూడోది చెవికంటే ముందు
వేళ్లకు తెలిసింది.

అయినా లైటు ఆరలేదు.
నా మొహం చూసి నవ్వాడు.
"మిషను పెట్టి ఇప్పుడే చెరిపెయ్యచ్చు. వద్దు.
నాలుగు రోజులు తోలు.
దానికదే నమ్మాల."

సోమవారం ఉంది.
మంగళవారం ఉంది.
బుధవారం దాని మీద
బొట్టుబిళ్ల అంటించేద్దామనిపించింది.
గురువారం బావ ఫోను చేసి
ఎంతకిస్తావన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఇస్కపల్లి గట్టు మీద
నీళ్లు ముంచుకుని వచ్చి తాళం తిప్పాను.
బొమ్మలన్నీ ఒక్కసారి వెలిగాయి,
ఒక్కొక్కటే ఆరాయి.
అదీ ఆరింది.
చాలాసేపు ఆ నల్లటి చోటునే చూస్తూ ఉండిపోయాను,
పన్ను ఊడిన చోటును నాలుక చూసినట్టు.

ల్యాబు కిటికీ దగ్గర పెంచలయ్య.
చేతిలో కవరు,
కవరులో అడ్డం తిరిగిన నాలుగు రొయ్యలు,
మొహంలో మూడెకరాల గుంట.
"వైరసేనా మేడం?
ఈ రాత్రికే పట్టేయమంటా ఉండారు అందరూ."

అద్దం మీది గుడ్డ తియ్యలేదు ఇంకా.
స్టూలు అతని వైపు జరిపాను.
"కూచో పెంచలయ్యా.
చివరగా ఏం చేశావు చెరువుకి?"