చట్టం లేని పలక

గోడలకు చెవులుంటాయన్న ముసలమ్మ ఎవరో గానీ
ఇప్పుడు మార్కాపురంలో ఉంటే
పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు.

మా వంటింట్లో, పోపుల డబ్బా పైన
అరచెయ్యంత తెల్లబిళ్ల.
కాగితాల్లో దాని పేరు సహచరి.
మా సందులో మాత్రం ఆడబిడ్డ అంటాం.
విన్నదంతా మోసుద్ది,
పల్లెత్తు మాటనదు.

పొద్దున్నే గడప మీద అంకె వెలుగుద్ది.
అరవై దాటితే నీళ్ల ట్యాంకరు సందులోకి తిరుగుద్ది.
లేదా, డ్రైవరు లేని ఆ బండి
హారనన్నా కొట్టకుండా పోద్ది.

మొన్న కోటిరత్నం దగ్గీ దగ్గీ
'ఛీ, ఈ బతుకు' అనింది.
నాలుగు తగ్గినాయి.
'దగ్గుకు కాదమ్మే, ఆ *ఈ* అన్నావు చూడు, దానికి'
అని విడమరిచి చెప్పింది ఆడబిడ్డ
ఎంత మర్యాదగానో,
మా యాసలోనే.

నా పేరు దస్తగిరమ్మ.
పద్దెనిమిదేళ్లు పలకల ఫ్యాక్టరీలో
అంచులు అరగదీసిన చేతులివి.
వేలిముద్ర పడదు, రాయి తినేసింది.
అందుకే నా మణికట్టుకు కడియం తగిలించారు,
నాడి చూసేది.

ఫ్యాక్టరీ మూసిన్నాడు
ఆఖరి కూలి కింద ఇచ్చింది
ఒక గోతం, నలభై పలకలు,
చట్టం కట్టనివి.
చట్టం లేని పలక ఎవరు కొంటారు?
మంచం కిందకి తోసి మరిచిపోయా.

ఆ రాత్రి కోటిరత్నం వచ్చింది
నోట్లో కొంగు కుక్కుకొని.
నేనేం అడగలా.
గోతం లాగి ఒక పలక, బలపం ముక్క
ఆమె ఒళ్లో పెట్టా.
రెండో తరగతి చదువు, తలకట్లు మరిచిపోయిన అక్షరాలు.
చదివా.
ఉమ్మేసి తుడిచా.
చిన్నప్పుడు దీనికే అయ్యోరు తొడపాశం పెట్టాడు.

'పదకొండు నిమిషాలు మాటల్లేవు,
బలపం చప్పుడుంది.
ఏం రాసుకున్నారమ్మే?'
'గుర్తులేదు.'
కడియం నాడి పట్టింది. నిజమే అని తేలింది.
నిజంగానే నిజం అది.
చెరిపిందాన్ని పట్టుకొని వేలాడటం
పలకల ఊరోళ్లకు రాదు.
ఆడబిడ్డ చాలాసేపు పలకలా.
మరిచిపోవడమంటే ఏందో
దానికెవరూ నేర్పినట్టు లేదు.

అమావాస్యకల్లా గోతం ఖాళీ.
రాత్రిళ్లు సందంతా కీచుకీచుమని,
ఎలకలు పడ్డట్టు.
తిట్లే ఎక్కువ. ఒకరిద్దరు పాటలు.
సుభానీ అయితే ఒట్టి కోడిపుంజుని గీసేవాడు.

అది వింటానే ఉంది.
క మెలిక తిరిగే చప్పుడు,
ర గుండ్రంగా మూసుకునే చప్పుడు,
దీర్ఘం సాగే చప్పుడు.
ఒకరోజు తెల్లారగట్ట
కోటిరత్నం ఇంట్లో, కోటిరత్నం గొంతుతోనే
రాత్రి ఆమె రాసిందంతా
పొల్లు పోకుండా చదివింది.

ఇప్పుడు ఆమె గడప మీద అంకె లేదు, అడ్డగీత.
ట్యాంకరుకు ఆమె ఇల్లు కనపడదు.
తలా ఒక చెంబు పోశాం.
చెంబుకు రెండు చొప్పున తగ్గించింది.
పోశాం.

మిట్టమధ్యాన్నం, మిద్దె మీద,
నలభై ఆరు డిగ్రీలు.
మోకాళ్ల మీద పలక, భుజానికి భుజం ఆనించి కోటిరత్నం.
వేలు నాలిక మీద తడి చేసుకొని రాస్తన్నా,
ముద్ర పడని వేలు.
నల్లటి రాతి మీద తడి
ఒక్క క్షణం మెరుసుద్ది. చప్పుడు లేదు.
మూడో అక్షరం దిద్దేలోపు
మొదటిదాన్ని ఎండ తాగేసుద్ది.
చదవాలంటే నా వేలితో పాటే
కన్ను నడవాలి.
పైన తిరిగే డ్రోనుకు
ఇద్దరాడోళ్లు పలక తుడుస్తన్నట్టే.

నా నోరెండిపోయింది.
ఇంకా రెండు మాటలు మిగిలున్నాయి.
కోటిరత్నం పలక తన వైపుకు లాక్కొని
వేలు నాలిక మీద పెట్టుకుంది.