జావ, పలక

బెర్గెన్‌లో వాన తెరిపివ్వని వారం అది.
బోర్గిల్డ్ ఇంట్లో, ముందుగది కిటికీ పక్కన
జానెడు ఎడంగా రెండు పట్టీలు పూసి వెళ్ళాను.
డబ్బాల మీద ఏవో సొగసైన పేర్లుంటాయి, నేను చదవను.
నాకు ఎడమది ఓట్స్ జావ,
కుడిది తడిసిన పలక.

మూడో రోజు వెళ్తే గోడంతా పెన్సిల్ రాతలు:
ఉదయం తొమ్మిది. జావ పసుపు తిరిగింది.
మూడు గంటలు, దీపం వేశాక. పలక నీలం.
మబ్బు విడిచింది, నాలుగు నిమిషాలు. రెండూ ఒకటే.

ముప్పై ఏళ్ళు వాతావరణ కేంద్రంలో చేసిందట.
ఆ చెయ్యి ఊరుకోదు.

హల్వార్ కుర్చీలోంచి లేవలేదు.
ఏప్రిల్‌లో కుడికంటి శుక్లం తీశారు,
ఎడమకంటి వంతు ఇంకా రాలేదు.
అరచేత్తో ఒక కన్ను మూసి, తెరిచి, రెండోది మూసి
"టూరున్, నువ్వు పూసినవి నాలుగు రంగులు" అన్నాడు.
"పాత కంటికి నీ జావలో తేనె కలిసింది.
కొత్త కంటికి అది తెల్లారగట్ల మంచు.
పలక సంగతి అడక్కు."

బోర్గిల్డ్ నవ్వలేదు.
పెన్సిల్ చెవి వెనక దోపుకుని
వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది.
"ఇప్పుడు నన్ను చూడు. ఒక్కో కంటితో."

బ్రష్ కడిగే మిషతో నేను వంటింట్లోకి తప్పుకున్నాను.
కుళాయి మాత్రం తిప్పలేదు.

"నీ జుట్టు తెల్లగా ఉంది."
"పదేళ్ళయింది."
"గోధుమరంగు అనుకుంటున్నాను."
"అనుకోనిచ్చాను."

కాసేపు కిటికీ మీద వాన ఒక్కటే.
తర్వాత ఆమె గొంతు, లెక్క కట్టినట్టు:
"జావే వెయ్యి, టూరున్. రెండో కన్ను కూడా బాగయ్యాక
పలక ఈ ఇంటికి మరీ చలి."
హల్వార్ ఏమీ అనలేదు. ఏ కన్ను మూసుకున్నాడో
నేను చూడలేదు.

మర్నాడు సామాను గది మధ్యకు జరిపి, దుప్పటి కప్పి
మొదటి కోటు వేశాను. పట్టీలు రెండూ మునిగాయి,
రాతలు మునగలేదు. పల్చటి జావ అడుగున
తొమ్మిది, మూడు, నీలం,
రెండూ ఒకటే.

రెండో కోటుకి మధ్యాహ్నం దాకా ఆగాను.
ఆరిందో లేదో అని మాటిమాటికీ
వేలు ఆనించి చూస్తూ.

ఎప్పుడో ఆరింది.