ఊపిరి సీసా

నా కుడి మోకాలి మీద
అరచేయంత మచ్చ.
మూడు పాంట్లు మార్చాను, మచ్చ మారలేదు.
డులూత్ నించి సరస్సు అంచునే వచ్చి
టూ హార్బర్స్‌లో బండి ఆపేసరికి
ఎయిర్ క్లీనర్ కింద ఒక చుక్క
రాలనా వద్దా అని ఊగుతోంది.

గాస్కెట్ పోయిందన్నాను.
ఇర్యా లాహ్టి వేలితో తుడిచి, వాసన చూసింది.
ముప్పయ్యేళ్లు ఇనుపరాయి రేవులో క్రేన్ నడిపిన వేలు.
గోటి కింద ఎర్రధూళి ఇంకా రిటైరవలేదు.
"ఏదీ పోలేదు. ఊపిరి వదులుతోంది, అంతే."

నిజమే కదా.
అంతంత పిస్టన్లు రెండూ ఇంచుమించు కలిసే దిగుతుంటే
కింద నలిగిన గాలి ఎటు పోవాలి?
హెడ్‌లలోంచి పైకి తోసుకొస్తుంది,
వస్తూ వస్తూ నూనె తుంపరని వెంటబెట్టుకొస్తుంది.
కంపెనీ వాళ్లు దాన్ని మళ్లీ ఇంజన్ ముక్కులోకే తిప్పారు.
వదిలిన గాలి తనే పీల్చుకోవాలట.
గాలి పోతుంది. నూనె ఉండిపోతుంది,
ఫిల్టర్ తడిపి, అంచు దాటి,
నా మోకాలు వెతుక్కుంటూ.

"అయితే ఆ కంత మూసేద్దాం" అన్నాను.

స్పానర్ కింద పెట్టింది.
వాళ్ల తమ్ముడు ఆర్వో మూశాడట, ఒక బోల్టు బిగించి.
సిల్వర్ బే దాటాక సీలు తన్నుకుని బయటికొచ్చింది,
నూనంతా వెనక టైరుకి.
ఆ పైన ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.
కుండ మూతికి మూకుడుంది.
దీని మూతికి లేదు.

"నూనె ఎంత పోశావు?"
"పై గీత దాకా. నిండుగా."
"పీకల దాకా పోస్తే కక్కదూ?"
టీ గ్లాసుడు తోడేసింది.
ఇంజన్ వేడెక్కాకే కొలవమంది,
పై గీతని మర్చిపొమ్మంది.

తర్వాత రెండు బోలు బోల్టులు, ఒక రబ్బరు గొట్టం,
ఫ్రేము వెంట కిందికి దిగి
ఒక అల్యూమినియం సీసాలోకి.
సీసాలో గిన్నెలు తోమే స్టీలు పీచు,
తుంపర దానికి తగిలి చుక్కలవడానికి.
మూత పక్కన సూది బెజ్జం:
"సీసా మాత్రం ఊపిరి తీసుకోవద్దూ?"

ఆగస్టులో ఐదొందల మైళ్లకి రెండు చెంచాలు.
పిల్లల దగ్గుమందు కప్పుతో కొలిచి రాసుకున్నాను.
సెప్టెంబరులో రెండున్నర.
అక్టోబరులో పాలెక్కువైన కాఫీ రంగు!
ఇంజన్ చచ్చిందనుకుని పరిగెత్తాను.
"ఎక్కడెక్కడ తిరిగావు?"
బేకరీ, పోస్టాఫీసు, మళ్లీ బేకరీ.
"అది నీటి ఆవిరి. ఒళ్లు ఆరేంత దూరమైనా
తీసుకెళ్లవు దాన్ని."

నవంబరు మొదటి చలికి సీసా ఖాళీ.
ఒక్క చుక్క లేదు.
మా గొప్పగా ఫోను చేశాను.
అటువైపు నిశ్శబ్దం. తర్వాత,
"స్టార్ట్ చెయ్యకు. తాళం తీసి జేబులో వేసుకో."

ఉన్ని మేజోళ్ల మీద చెప్పులేసుకుని వచ్చింది,
పికప్ తలుపు కూడా వెయ్యకుండా.
గొట్టం ఒంపు తిరిగిన చోట
ఆ కాఫీయే గడ్డ కట్టి కూర్చుంది,
తెల్లగా, బిగువుగా, అచ్చం బోల్టులా.
రెండు అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది నేల మీద.
వేడినీళ్లు తెస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.
ఎంతసేపని చెప్పను.
రేవులో ఒక ఓడ కూసింది, ఇంకోటి బదులిచ్చింది.
గడ్డ జారి సీసాలో పడింది,
టప్.
అప్పుడు గానీ ఆవిడ నోట్లోంచి
తెల్లటి పొగ బయటికి రాలేదు.

"ఒంపు లేకుండా వేస్తాను రేపు.
తప్పు నాదే" అంది.
చేతులు చంకల్లో దాచుకుని లేచింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మూత తిప్పేముందు
కాస్త భయం.
అడుగున నల్లగా రెండు చెంచాలు కనబడితే
రాసుకుంటాను, పారబోస్తాను,
ఆమెకి ఫోను చేసి అంకె చెప్తాను.
"ఊఁ" అంటుంది. పెట్టేస్తుంది.

మోకాలి మీద మచ్చ పాతదే.
నాలుగో పాంటు కొనలేదు.