గదువ

ఆశప్ప ఫోన్ల అడిగింది ఒక్కటే మాట:
"కుర్చీ ఒకటి ఖాళీ అయింది బావా, వస్తవా?"
ఎనక వాన చప్పుడు,
ఎవడో హిందీల ఎవన్నో తిడ్తుండు.
"నెలాఖరు దాంక ఆపుత.
ఆ తర్వాత యూపీ పోరడొకడున్నడు."

బొంబాయి. కామాటిపుర. పన్నెండో గల్లీ.
ఆ పేరినంగనే మా కుర్మమ్మ
జొన్నపిండి చేతులతోటి అట్లనే నిలవడి
నా మొకం జూసింది.

మక్తల్ బస్టాండ్ ఎనక నా డబ్బా.
ఒక అద్దం, మూలకు పగిలింది.
ఒక కుర్చీ, మా నాయిన రాయచూర్ల కొన్నది,
తిప్పితె కిర్రుమంటది, దాని బాధ దానిది.
ఎదురుంగ మొన్న ఉగాదికి ఏసీ పార్లర్ పడ్డది.
ఓనరు చెయ్యి కత్తెర వట్టిన చెయ్యే కాదు.

ముచ్చట ఎట్ల పాకిందో,
కుర్చీల కూసున్న ప్రతివాడు బొంబాయే చెప్తుండు.
హోంగార్డు నర్సప్ప, సబ్బునురుగుల నుంచి:
"ఆడ పొద్దుగూకినంక రోడ్డెక్కొద్దు.
వంద రూపాయలకు గొంతు కోస్తరు."
నా కత్తి అప్పుడు సరిగ్గ వాని గొంతు మీదనే ఉంది.
కండ్లు మూసుకొని నిమ్మళంగ చెప్తుండు.

లారీ క్లీనర్ పోరడు:
"దాదాలు వారం వారం వసూలు జేస్తరే మామా."
ఈడ గిరిగిరి వడ్డీ తిప్పన్న
ప్రతి శనారం నా గల్లాపెట్టె తనే తెరిచి తనే మూస్తడు.
ఆయన్ను దాదా అనరు,
పటేలా అంటరు.

ఆ ఊరు చెడ్డదని చెప్పెటోళ్ళు ఊరంత ఉన్నరు.
చూసినోళ్ళు ఇద్దరే.
అండ్ల ఒకడు టీవీల.
ఇంకొకరు బుగ్గప్ప తాత.
ముప్పై ఏండ్లు ఆడ సిమెంటు మోసి
మోకాళ్ళు ఆడనే పెట్టొచ్చిండు.
ఏం జెప్పలే. తెల్లగడ్డం ఇచ్చి కూసున్నడు.
లేచేటప్పుడు తువ్వాల దులుపుకుంట:
"కామాటి అంటె ఎవరనుకున్నవ్‌రా? మనమే.
మన కూలోళ్ళ పేరే ఆ గల్లీలకు.
దానికి చెడ్డపేరు ఎవరు తెచ్చిండ్రో నాకెర్క లేదు,
నేను పొద్దుగాల పోతుంటి, రాత్రికొస్తుంటి.
ఓ ముచ్చట. ఆడ కుర్చీల కూసునెటోడు
నిన్ను మాస్టర్ అంటడు.
వాని కులం నీకు తెల్వదు, నీది వానికక్కరలేదు."
పది రూపాయలు ఎక్కువే పెట్టి పోయిండు.

నిద్ర రాలే.
ఈడ నన్నెవరూ పేరువెట్టి పిలువరు.
అయినా ఎవరింట్ల మనిషి పోయినా
ముందుగాల నా తలుపే కొడ్తరు.
నేను పోకుంటె దినం ఆగుతది.
ఏసీ పార్లరోడు వస్తడా వాగొడ్డుకు,
కొడుకుల తలలు గొరగనీకి?
దీన్ని మర్యాద అనాల్నో, మెడల గంట అనాల్నో
నలభైమూడేండ్లకు గూడ తేలలే.
కిష్న టేషన్ల బొంబాయి రైలు
రెండు నిమిషాలే ఆగుతదంటరు.

బిడ్డ నోటుబుక్కు ఎనక పేజీల లెక్క రాసిన.
ఈడ రోజుకెన్ని తలలు, ఆడ ఎన్ని,
ఖోలీ కిరాయి, తిండి, ఇంటికి పంపేది.
భయానికి ఎంత రాయాల్నో తెల్వక
ఆ గడి ఖాళీ ఇడిసిన.
కుర్మమ్మకు చదువు రాదు గానీ
సరిగ్గ ఆ ఖాళీ మీదనే వేలు వెట్టింది.
"ఇదేంది?"

మంగళారం. దుకాణం బందు.
నవనీత తాళంచెవి అడిగింది.
ఇంటర్ల తప్పినప్పటి సంది
నా ఎనక నిలవడి కత్తెర జూస్తనే ఉంది.
"నువ్వు పోతె ఈ కుర్చీ నాకియ్యి నాయినా."
ఆడివిల్ల కత్తి వడ్తె ఊరేమంటది,
అది కాదమ్మా, బయట లోకం ఎట్లుంటదో నీకు...
అననీకి నోరు తెరిచిన.
నా నోట్లె నర్సప్ప గొంతు.
మూసుకున్న.

నా కుర్చీల నేను కూసునుడు ఇదే మొదలు.
కిర్రుమన్నది.
నురుగు చల్లగుంది,
పిల్ల చెయ్యి జరంత వణుకుతుంది.
జేబుల ఫోన్ మోగుతుంది, ఆశప్పనే ఉంటడు.
"కదలకు నాయినా."

గదువ పైకెత్తిన.