రెండు జతలు

మా తాత హాల్వర్ కుడికాలికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ కొరియా మంచు తినేసిందని
అమ్మమ్మ చెప్పేది. ఆయన చెప్పలేదు.

అయోవాలో చలి ముదిరిన ఆదివారాలు
పాస్టరు కన్నా ముందే చర్చి తలుపు తీసి
బొగ్గుపొయ్యి రాజేసేవాడు.
మేం వెళ్ళేసరికి బెంచీల కింద నేల గోరువెచ్చగా ఉండేది.
ప్రార్థనంటే అదేననుకున్నాను, చాలా ఏళ్ళు.

పొద్దున్నే మా మేజోళ్ళు హీటరు మీంచి తీసి
ఒక్కొక్కటీ చెంపకానించి చూసి తొడిగేవాడు.
ఏది ఎవరిదో ఎన్నడూ అడగలేదు.

నిన్న సైనికులు జెండాని ముక్కోణంగా మడిచి
అమ్మమ్మ ఒళ్ళో పెట్టారు. బాకా ఊదారు.
అంతకుముందు, పెట్టె మూయబోతుంటే
నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది:
"బూట్ల లోపల ఉన్నివి వేశావా?"

వేశాను అమ్మమ్మా. రెండు జతలు.
చెంపకానించి చూసే.