నాలుగు రోజుల సెలవు

కాగితాల్లో నేను గృహమాతని.
పెరంబూరులో ఆరో నంబరింట్లో
తొమ్మిది మందికి అక్కని, ఆంటీని,
కోపమొస్తే ఉత్త ‘ఏయ్’ని.

“నువ్వు జీతానికొచ్చిన అమ్మవి”
అన్నాడు మొన్న ఏలుమలై, పళ్ళెం తోసేసి.
అవున్రా, ఒకటో తారీఖున సంతకం పెడతాను,
నెలకి నాలుగు రోజులు సెలవు కూడా ఉందన్నాను.
అనకుండా ఉండాల్సింది.

వ్యాసర్‌పాడిలో చెల్లెలిల్లు.
ఫ్యాను కింద చాప మీద నేనొక్కదాన్నే.
రెండింటికి మెలకువొచ్చింది,
తేన్మొళి పక్క తడపకముందే లేపే వేళ.
లేచి కూర్చున్నాను.
లేపడానికి ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి వాడు గుమ్మంలో లేడు.
సూపర్‌వైజరమ్మ ఫైల్లో రాసిపెట్టింది:
‘తిండి దాచే అలవాటు ఇంకా మానలేదు.’
ఏడాదిగా చూస్తున్నదే,
వాడి దిండు కింద ఎండిన ఇడ్లీలు,
సగం కొరికిన అరటిపండు,
రేపు పెట్టరేమోనని.

రాత్రి
నా దిండెత్తితే
నోటుపుస్తకం కాగితంలో మెదువడ,
మొన్నటిది,
కాగితం నిండా చీమలు.

దులిపి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.
పులిసిపోయింది.
పక్కగదిలో ఎవడో
నిద్ర నటిస్తూ
మరీ గట్టిగా ఊపిరి తీస్తున్నాడు.